వెనక సీటు కొలతలు

ఫిబ్రవరి 3
పంప్‌హౌస్ నుంచి

కంచూ,

బాగున్నావా అని అడగను. నీకు బాగోకపోతే ఆ గొంతు ఇక్కడిదాకా వినిపించేది. నేనూ బాగానే ఉన్నాను. పంపులు మూడూ బాగానే ఉన్నాయి. రెండోదానికి బేరింగు మార్చాను, ఇప్పుడు మర్యాదగా తిరుగుతోంది.

నాతో ఉండే రెండో ఆపరేటర్ని పై ఆఫీసువాళ్ళు వెనక్కి పిలిపించుకుని పద్నాలుగు నెలలైంది. మీటలన్నీ ఆటోమేటిక్ చేశాం, ఇక ఒక్క మనిషి చాలు అన్నారు. చాలు, నిజమే. మీటర్లు చూడటం, పుస్తకంలో రాయడం, అంతే పని. నెలకి నాలుగు రోజులు సెలవు కూడా ఉంది. కానీ సామాన్లూ ఉత్తరాలూ తెచ్చే జీపు గురువారం ఒక్కరోజే వస్తుంది. ఈ గురువారం కిందికి దిగితే మళ్ళీ గురువారం దాకా పైకి రాలేను. అందుకని సెలవు రోజుల్లో కూడా ఇక్కడే కూర్చుంటున్నాను. పంపుల్ని చూడక్కర్లేని రోజుల్లో కూడా వెళ్ళి పంపుల్నే చూస్తున్నాను. నిన్ను చూసి రెండేళ్ళు దాటిపోయింది.

ఒక మోటార్‌సైకిల్ ఉంటే నా ఇష్టం వచ్చినప్పుడు దిగి రావచ్చు. అరవై కిలోమీటర్ల కంకరదారి, ఆ తర్వాత మంచి రోడ్డే. షాపుల్లో అమ్మే బళ్ళు నాకు పనికిరావు. నా పొడుగు నీకు తెలుసు కదా, మోకాళ్ళు హ్యాండిలుకి కొట్టుకుంటాయి. అందరికీ బళ్ళు కట్టిస్తావు, సొంత అన్నకి ఒకటి కట్టివ్వలేవా? పెద్ద ఒంటి సిలిండరు ఇంజిను వెయ్యి, డుగ్గుడుగ్గుమంటూ కొండ ఎక్కేది. ఇద్దరు కూర్చునేలా ఉండాలి.

తీరిక చూసుకుని రాయి. తీరిక లేకపోయినా రాయి.

అన్నయ్య


ఫిబ్రవరి 18
వర్క్‌షాపు

అన్నయ్యా,

ఉత్తరం అందింది. కడతాను.

ముందు ఇంజిను తేల్చు. ఇంజిను చుట్టూ ఫ్రేము కడతాను గానీ ఫ్రేము కట్టేసి అందులో ఇంజిను దూర్చను. పాత బళ్ళనుంచి విప్పినవి రెండున్నాయి. ఒంటి సిలిండరుది పెద్దది, జంట సిలిండర్లది చిన్నది. పెద్దది కొండ బాగానే ఎక్కుతుంది, ఎక్కేలోపు నీ ఒళ్ళు హూనం చేస్తుంది. ఆలోచించుకో. ఒకసారి పైపులు వంచాక మాట మారిస్తే ఊరుకోను.

కొలతలు పంపు. తొడ మొదలు నుంచి మడమ దాకా, భుజం నుంచి పిడికిలి దాకా, బరువు. ఇద్దరన్నావు కాబట్టి రెండో మనిషి ఎత్తు, బరువు కూడా రాయి. వెనక స్ప్రింగులు దాన్నిబట్టే వెయ్యాలి.

పనుంది. ఉంటాను.

చెల్లి


ఫిబ్రవరి 27

కంచూ,

నీ ఉత్తరం చూసి మీటరు రీడింగు అనుకున్నాను. మనిషికి రాసినట్టు రాయవే తల్లీ!

కొలతలు వేరే కాగితంమీద రాశాను. ఒంటరిగా ఒళ్ళు కొలుచుకోవడం అంత తేలిక కాదు. టేపు ఒక చివర తలుపు సందులో ఇరికించి, రెండో చివర పట్టుకుని, గోడకి ఆనుకుని, మెడ తిప్పకుండా అంకె చదవాలి. మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు వచ్చాయి. మధ్యది రాశాను.

ఇక రెండో మనిషి. ఆడమనిషి. ఎత్తు సరిగ్గా నీ అంతే. బరువు అడిగితే తంతుంది, యాభై ఎనిమిది వేసుకో. ఎవరని మాత్రం అడక్కు. బండి తయారయ్యాక నీకే తెలుస్తుంది.

ఇంజిను నేను చెప్పిందే.

అన్నయ్య


మార్చి 10

అమ్మ దొంగా!

యాభై ఒకటో ఏట! కొండమీద కూర్చుని! పంపులు చూస్తున్నావని నేననుకుంటున్నాను, నువ్వు చూస్తున్నది ఇదన్నమాట! వెల్డింగు అద్దం నెత్తిమీదకి తోసుకుని నిలబడి చదివాను. మళ్ళీ కూర్చుని చదివాను. టీకొట్టు ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ ఏమందో తెలుసా? "మీ అన్నగారు ఎత్తు సరిగ్గా చెప్పి బరువు ఉజ్జాయింపుగా చెప్పాడంటే, పక్కన నిలబడ్డాడు గానీ ఇంకా ఎత్తుకోలేదు" అంది. నవ్వలేక చచ్చాను.

ఎవరు? ఎక్కడ దొరికింది నీకు ఆ కొండమీద? నీళ్ళ శాంపిళ్ళు తీసుకెళ్ళడానికి వస్తారని ఎప్పుడో రాశావు, ల్యాబువాళ్ళు, అందులో ఆవిడా? లేకపోతే దిగువన నర్సరీలో మొక్కలు పెంచే ఆవిడా? అడక్కు అన్నావు, అడుగుతాను. నువ్వు చెప్పకపోతే వదిననే అడుగుతాను. చూశావా, అప్పుడే వదిన అనేశాను! నోటికి ఎంత బాగుందో. ఈ వయసులో నాకు వదిన వస్తుందని కలలో కూడా అనుకోలేదు. నీ సంగతి చూసి నేనూ, నా సంగతి చూసి నువ్వూ, ఇద్దరం ఎప్పుడో ఆశలు వదిలేసుకున్నాం కదా.

సరే, పని సంగతికి వస్తాను. ఒంటి సిలిండరు వద్దు. ముందు కూర్చున్నవాడికి హ్యాండిలు పట్టు ఉంటుంది, సర్దుకుంటాడు. వెనక కూర్చున్న మనిషికి ఏముంటుంది? ఆ కుదుపుకి అరవై కిలోమీటర్లు వచ్చిన ఆడమనిషి మళ్ళీ నీ మొహం చూడదు. జంట సిలిండర్లది మెత్తగా లాగుతుంది. కాకపోతే అది వెడల్పు, కింద ఒక పైపు బదులు రెండు పైపులు పోనివ్వాలి, ఫ్రేము బరువెక్కుతుంది. పర్లేదు. శబ్దం పడుతుందా లేదా వదినని అడిగి రాయి. సీటు మెత్తగా కావాలా గట్టిగా కావాలా, అదీ అడుగు. ఒక పక్కకి కూర్చుంటుందా, అటో కాలు ఇటో కాలు వేసుకుంటుందా, ఇది మరీ ముఖ్యం.

మా వీధిలో పెయింటరు షాపు మూసేశాడు. టైర్లవాడు పోయిన ఏడాదే ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడీ వరసలో షట్టరు తీసేది నేనూ, టీకొట్టు ఆవిడా. టాంకుకి రంగు నేనే వెయ్యాలి. వదినకి ఏ రంగు ఇష్టం?

ఆరు పేజీలైంది. చెయ్యి నొప్పెడుతోంది. వెంటనే రాయి, వెంటనే!

నీ ముద్దుల చెల్లి


మార్చి 20
(పంపలేదు)

కంచూ,

పిచ్చిదానా, ఆ రెండో మనిషివి నువ్వే. నీ ఎత్తు అని రాస్తే కూడా తెలియలేదా? బండి తీసుకోవడానికి వచ్చినప్పుడు నిన్ను వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుదామని, అప్పటిదాకా కాసేపు ఏడిపిద్దామని అలా రాశాను. ల్యాబు మనిషీ లేదు, నర్సరీ మనిషీ లేదు. ల్యాబువాళ్ళు రావడం ఎప్పుడో మానేశారు, ఇప్పుడు జీపు డ్రైవరు తప్ప ఇక్కడికి ఎవరూ రారు. అతను కూడా ఇంజిను ఆపకుండానే సంచులు దింపేసి వెళ్ళిపోతాడు.

నీ ఆరు పేజీలూ జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. పంపుల దగ్గర ఒకసారి, మెట్లమీద ఒకసారి, అన్నం తింటూ ఒకసారి చదివాను. నువ్వు ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నేళ్ళయిందో! ఇదంతా నాకు కాదని తెలుసు. అయినా కవరుమీద నా పేరే ఉంది కదా.

ఇది పంపిస్తే ఏడో పేజీ రాదు.


మార్చి 20

కంచూ,

ఎంత గొడవ చేస్తావే! టీకొట్టుదాకా తీసుకెళ్ళావా? ఇంకా నయం, మైకు పెట్టలేదు.

ఆవిడ గురించి ఎక్కువ అడక్కు, ఇంకా ఏదీ తేలలేదు. నువ్వడిగినవాటికి మాత్రం జవాబులు. శబ్దం అస్సలు పడదు. జంట సిలిండర్లదే వెయ్యి, సైలెన్సరు కూడా ఎంత నెమ్మదిగా చెయ్యగలిగితే అంత నెమ్మదిగా. సీటు మెత్తగా కావాలి. అటో కాలు ఇటో కాలు వేసుకునే కూర్చుంటుంది. గంటకి మించి ఏకబిగిన కూర్చోలేదు, దిగి కాసేపు చెట్టు కింద నిలబడాలి. ముందున్న మనిషి భుజంమీద చెయ్యి వేసుకుని కూర్చోవడం ఇష్టం. రంగు ముదురు ఆకుపచ్చ.

ఇక్కడ వాన రెండు రోజులుగా పడుతోంది. నీళ్ళు బురదగా వస్తున్నాయి, జల్లెడలు గంటకోసారి కడుగుతున్నాను. నీ ఉత్తరం చాలా బాగుంది. అలాగే రాస్తూ ఉండు.

అన్నయ్య


ఏప్రిల్ 6

అన్నయ్యా,

ఆకుపచ్చట! నాకూ అదే ఇష్టం. ఇద్దరికీ కుదురుతుంది చూడు.

ఫ్రేము నిలబడింది. మెడ దగ్గరనుంచి రెండు పైపులు కిందికి దిగి, ఇంజిను కిందుగా వెనక్కి వెళ్ళి, సీటు కింద కలిశాయి. నీ కాళ్ళ కోసం మామూలు బండికంటే నాలుగు వేళ్ళు పొడుగు సాగదీశాను. వెనక సీటు మోసే పైపులు రెండు రోజులు వంచాను. ఎడమది కుడిదానికంటే కొంచెం దిగింది, తీసి పారేసి మళ్ళీ వంచాను. నీ ఒక్కడికోసమైతే వాషరు వేసి సరిపెట్టేదాన్ని. అన్నిచోట్లా టాకాలు మాత్రమే వేశాను, అంటే చుక్కలు చుక్కలుగా అతికించాను. ఇప్పుడైతే కోసి మార్చుకోవచ్చు. పూర్తి వెల్డింగు చేశాక ఇక దేవుడొచ్చినా మారదు.

ఒక మాట చెప్తాను, నవ్వకు. పని చేసుకుంటూ వదినతో మాట్లాడుతున్నాను. పైకే. "ఇదిగో వదినా, ఫుట్‌రెస్టు ఇక్కడ పెడితే నీ మోకాలికి హాయిగా ఉంటుందా" అని అడుగుతాను. "అన్నయ్య పొద్దున్నే మాట్లాడడు, టీ తాగేదాకా కదిలించకు" అని జాగ్రత్తలు చెప్తాను. మొన్న ఒక మనిషి బండి రిపేరుకి తెచ్చి, లోపల ఇంకెవరైనా ఉన్నారా అని తొంగి చూశాడు. మా వదిన అన్నాను. లేదు, అబద్ధం కాదు, రేపో మాపో వచ్చేదే కదా.

నీకు చెప్పలేదుగానీ, పోయిన శీతాకాలం నాకు బాగా గడవలేదు. జబ్బూ గిబ్బూ ఏం కాదు. షట్టరు తీస్తే మాట్లాడే మనిషి లేడు, వేస్తే మాట్లాడే మనిషి లేడు. నీకు రాద్దామని కూర్చుంటే పైపుల సంగతి తప్ప ఏదీ కలం దిగేది కాదు. మళ్ళీ ఇప్పుడే మనుషుల్లో పడ్డట్టుంది.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. మే 8 గురువారం నేనే జీపులో వస్తున్నాను. డ్రైవరు ఫోను నెంబరు సంపాదించి మాట్లాడేశాను. వదినని కుర్చీలో కూర్చోబెట్టి నా చేత్తో కొలతలు తీసుకుంటాను. అవి చూసుకున్నాకే పూర్తి వెల్డింగు. ఆ రోజు ఆవిడని రమ్మను. ఏం వండొద్దని చెప్పు, నేనే తెస్తాను.

చెల్లి


ఏప్రిల్ 18

కంచూ,

రావద్దు. దారి బాగాలేదనో జీపు చెడిందనో రాయొచ్చు. రాసి చింపేశాను కూడా. ఇక అబద్ధం చాలు.

ఆవిడ లేదు. ఎవరూ లేరు. దీనితోపాటు మార్చి 20న రాసి పంపని ఉత్తరం ఒకటి పెడుతున్నాను, అందులో అంతా ఉంది. అది పంపాల్సింది. పంపకుండా, అదే బల్లమీద కూర్చుని, అదే కలంతో రెండోది రాశాను. తమాషాగా మొదలైంది, ఆ తర్వాత తమాషా కాదు. నువ్వు పెద్ద పెద్ద ఉత్తరాలు రాస్తావని ఆశపడ్డాను. అంతకుమించి కారణం లేదు, ఇంకోటి వెతికినా దొరకలేదు.

పైపులు వంచాక మాట మారిస్తే ఊరుకోనన్నావు. నువ్వేం అన్నా పడతాను.

అన్నయ్య


ఏప్రిల్ 29

నీ ఉత్తరం శనివారం వచ్చింది. సోమవారందాకా షట్టరు తియ్యలేదు. టీకొట్టు ఆవిడ వచ్చి కొట్టింది, ఒంట్లో బాగోలేదన్నాను. వదిన ఎలా ఉంది అని అడిగింది.

నీ బుద్ధి ఏమైంది? చిన్నపిల్లాడివా? యాభై ఎనిమిది కిలోలట, భుజంమీద చెయ్యి వేసుకోవడం ఇష్టమట! ఎంత నమ్మకంగా రాశావు! నేను మూడు వారాలు ఆ మనిషికి ఫుట్‌రెస్టులు సర్దాను. మోకాళ్ళు నొప్పి పుట్టకూడదని వేలెడంత ముందుకి జరిపాను, మళ్ళీ వెనక్కి జరిపాను. నాకు చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

నువ్వు నవ్వులాటకి అన్నావు, నేను తప్పుగా అర్థం చేసుకున్నాను, అక్కడిదాకా నా తప్పే. ఆ తర్వాతదంతా నీది. పెద్ద ఉత్తరాలు కావాలంటే అడగొచ్చు కదా. ఒక్క మాట. "కంచూ, నాకు తోచట్లేదే, ఇంకాస్త రాయవే" అని ఒక్క మాట. నేను రాయనన్నానా?

రాసేదాన్నో లేదో. అది నాకూ తెలియదు. అది తలుచుకుంటే ఇంకా కోపం వస్తోంది.

ఒక్కటి మాత్రం తెలుసుకో. ఆవిడ లేదని తేలిపోయాక నీకు పోయింది ఒక అబద్ధం. నాకు పోయింది మనిషి. రోజంతా నాతో ఉన్న మనిషి. ఇప్పుడు ఆ ఫ్రేము పక్కన పని చేస్తుంటే నోరు తెరవబోయి ఆగిపోతున్నాను.

వెనక సీటు పైపులు కోసేస్తాను. టాకాలే కదా, అయిదు నిమిషాల పని. జంట సిలిండర్లది కూడా నీ కోసం పెట్టింది కాదు. కింది పైపులు విప్పేసి, మొదట నువ్వడిగిన పెద్ద ఇంజినుకే కడతాను. ఇప్పుడు ఆలోచించుకుని, ఒక్క మనిషికి ఏ ఇంజిను కావాలో, ఏ సీటు కావాలో నిజం రాయి. నిజం మాత్రమే.

సంతకం పెట్టాలనిపించట్లేదు.


మే 9

కంచూ,

నిన్న గురువారం. జీపు శబ్దం వినగానే మెట్లు దిగి గేటు దాకా వెళ్ళాను. నువ్వు రావని తెలుసు. రావద్దని రాసింది నేనే. అయినా వెళ్ళాను. డ్రైవరు సంచులు దింపి, "మీ చెల్లెలుగారు వస్తానన్నారు, ఏమైంది?" అన్నాడు. పని పడిందన్నాను.

నిజం రాయమన్నావు. నాలుగు రోజులు ఆలోచించాను.

పెద్ద ఇంజిను అడిగింది, మగాడు అడిగితే అదే అడగాలి అనుకుని. ఇక్కడ ఇరవై రెండేళ్ళుగా మూడు పంపులు నా చెవుల్లో తిరుగుతున్నాయి. కరెంటు పోయి అవి ఆగిన రోజు కూడా తిరుగుతూనే ఉంటాయి. శబ్దం పడనిది ఆవిడకి కాదు, నాకు. మెత్తటి సీటు నాకే కావాలి, నడుం పట్టేస్తోంది. గంటకి మించి కూర్చోలేనిది నేనే. ఆకుపచ్చ కూడా నాదే. నా పేరుమీద అడగడానికి మొహం చెల్లక ఆవిడ పేరుమీద అడిగాను. ఆవిడ గురించి నీకు రాసినవాటిలో ఒక్క మాట కూడా కల్పించింది కాదు. మనిషినే కల్పించాను.

భుజంమీద చెయ్యి సంగతి కూడా అంతే. ఆ చెయ్యి నాకు కావాలనే రాశాను.

అందుకని జంట సిలిండర్లదే ఉంచు, కింద రెండు పైపులూ ఉంచు. వెనక సీటు కొయ్యకు, నీకు దండం పెడతాను. ఖాళీగానే నడుపుకుంటాను. ఖాళీగా ఉందని దారిలో నలుగురికీ కనబడితే కనబడనీ. ఇన్నాళ్ళూ దాచాను కదా, ఏం బాగుపడ్డాను?

నువ్వు మాట్లాడుకున్న మనిషిని తీసేసుకున్నాను. దానికి బదులు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. క్షమించమని అడగడానికి కూడా భయంగా ఉంది, అడిగితే నువ్వు నాలుగు లైన్లలో సరే అనేస్తావేమోనని.

తిట్టాలనుంటే తిట్టు. పొడుగ్గా తిట్టు.

అన్నయ్య


మే 20
వర్క్‌షాపు

అన్నయ్యా,

నీమీద కోపం పోలేదు. పోతుందో లేదో చెప్పలేను. పొడుగ్గా తిట్టడానికి కూడా ఓపిక రావట్లేదు.

ఫ్రేముకి పూర్తి వెల్డింగు చేసేశాను. వెనక సీటు పైపులతో సహా. రంగు ఆరింది.

ఇంజిను ఇంకా ఎక్కించలేదు. అరవై కిలోల పైనే ఉంది. ఒకరు ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు రంధ్రాలు కలిపి బోల్టు దూర్చాలి. కింద జాకీ పెట్టి ఒక్కదాన్నే చేసుకోవచ్చు. ఎన్ని బళ్ళకి అలా చేశానో లెక్కలేదు. ఈ బండికి చెయ్యను.

గురువారం జీపు ఎక్కు. ఎనిమిది రోజులు పోతే పోనీ, పంపులు నువ్వు లేకుండా కూడా తిరుగుతాయి. ఇక్కడ నాతో మాట్లాడక్కర్లేదు. నేనూ మాట్లాడకపోవచ్చు. ఇంజిను పట్టుకుని నిలబడు, చాలు.

చెల్లి